ఒక మనిషికి రెండు వెంటిలేటర్లు ఎందుకు?

చెన్నైలో ఉంటున్న 31 ఏళ్ల యువకుడు రాసిన ఉత్తరం ఇది. చాలా పెద్దది. గుర్తుపట్టే వివరాలు తీసేసి, ముఖ్యమైన సంగతులు మాత్రం ఇస్తున్నాను.

వాళ్లది నెల్లూరు దగ్గర పల్లె. నాయన వరి పండిస్తారు. ఇతను ఎనిమిదేళ్లుగా చెన్నైలో ఉద్యోగం చేస్తున్నాడు. రెండేళ్ల కిందట 38 ఏళ్ల అన్నను కూడా భార్యాపిల్లలతో ఇక్కడికి పిలిపించి పని చూసిపెట్టాడు. ఒక ఆదివారం సాయంత్రం అన్నదమ్ములిద్దరూ కోయంబేడు మార్కెట్ నుంచి బైకు మీద వస్తున్నారు. బండి నడుపుతున్నది తమ్ముడు. ముందు వెళ్తున్న వ్యాను ఉన్నట్టుండి ఆగింది. బండి జారింది. వెనక కూర్చున్న అన్న ఎడమ పక్క డివైడర్ రాయికి బలంగా తగిలింది. ఇద్దరికీ హెల్మెట్లున్నాయి, తలకేమీ కాలేదు. అన్న లేచి నిలబడి "పక్కలో పట్టేసినట్టుంది, ఇంటికి పోదాం పద" అన్నాడు. ఇంట్లో కాపడం పెట్టారు. మూడు గంటల తర్వాత ఊపిరి అందకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లారు.

ఎడమవైపు ఏడు పక్కటెముకలు విరిగాయి. ఛాతీలో గాలి, రక్తం చేరితే గొట్టం వేసి తీశారు. మొదటి ఎక్స్‌రేలో ఊపిరితిత్తి ఫర్వాలేదన్నారు. మర్నాటి రాత్రికి ఎడమవైపంతా తెల్లబడింది. వెంటిలేటర్ పెట్టారు. నాలుగో రోజు గొంతులోని ట్యూబు తీసి, రెండు దారులున్న ట్యూబు వేసి, ఒక్కో ఊపిరితిత్తికి ఒక్కో వెంటిలేటర్ తగిలించారు. ఉత్తరం రాసేనాటికి ఆరో రోజు. ఇంకో రెండు రోజులు ఇలాగే చూద్దాం, ఆక్సిజన్ నిలవకపోతే ఎక్మో (రక్తాన్ని బయటికి తీసి ఆక్సిజన్ ఎక్కించే మిషన్) ఉన్న పెద్దాసుపత్రికి మార్చాలి, ఆ సంగతి ముందే ఆలోచించుకోండి అని డాక్టర్లు చెప్పారు.

వదిన అన్నగారు బిల్లులో రెండు వెంటిలేటర్ల చార్జీ చూసి "ఒక మనిషికి రెండు మిషన్లేంటి, దోచుకుంటున్నారు" అన్నాడట. నాయన నెల్లూరు తీసుకొచ్చేయమంటున్నారు. ఒక బాబాయి అయితే "ఇంక చాలు, రాసిచ్చి ఇంటికి తెచ్చుకుందాం" అన్నాడు. వదినకు తమిళం రాదు. డాక్టర్ల మాటలన్నీ ఇతని నోటి నుంచే వింటోంది. నాలుగు రోజులుగా ఇతని ముఖం చూడటం లేదు. కాగితాలన్నిటి మీదా సంతకం పెట్టింది ఇతనే. "బండి నడిపింది నేను, ఆలస్యం చేసింది నేను, సంతకాలు పెట్టింది నేను. ఇంకెన్ని తప్పులు చేయబోతున్నానో తెలియడం లేదు" అని ఉత్తరం ముగించాడు.

మీ ఉత్తరం చూసిన రాత్రే ఫోన్ చేశాను. తొందరగా తేల్చుకోవాల్సిన విషయాలు అప్పుడే మాట్లాడుకున్నాం. మిగతావి ఇక్కడ రాస్తున్నాను, మీ వదిన, మీ నాయన కూడా చదువుతారని. నేను మీ అన్నను పరీక్షించలేదు. ఆయన మంచం పక్కన ఉన్న డాక్టర్లకు తెలిసినంత నాకు తెలియదు. కానీ ఐసీయూలో చాలా ఏళ్లు పనిచేశాను కాబట్టి, అక్కడ జరుగుతున్నదేమిటో, మీ చేతిలో ఉన్నదేమిటో విడదీసి చెప్పగలను.

రెండు వెంటిలేటర్ల సంగతి ముందు చెబుతాను. మీ ఇంట్లో నమ్మకం తెగింది అక్కడే.

ఇది మీ నాయనకు ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. ఒకే కాలువ కింద ఒక పల్లపు మడి, ఒక మెరక మడి ఉన్నాయనుకోండి. ఒకే తూము ఎత్తి నీళ్లు వదిలితే అన్నీ పల్లానికే పోతాయి. అక్కడ పైరు మునుగుతుంది, మెరకలో నేల నెర్రెలిస్తుంది. మెరక తడవాలని ఇంకా నీళ్లు వదిలితే పల్లపు మడి గట్టు తెగుతుంది. మీ అన్న ఎడమ ఊపిరితిత్తి కమిలి, రక్తంతో నీటితో నిండి బిగుసుకుపోయింది. కుడిది మెత్తగా ఉంది. ఒకే ట్యూబుతో గాలి పంపితే అది సులువుగా సాగే కుడివైపుకే పోతుంది. కుడిది అతిగా ఉబ్బితే దానిలోని సన్నని రక్తనాళాలు నొక్కుకుపోతాయి. అప్పుడు రక్తం గాలి లేని ఎడమవైపుకు మళ్లి, ఆక్సిజన్ పట్టుకోకుండానే గుండెకు తిరిగొస్తుంది. మూడో రోజు "మిషన్ ప్రెషర్ పెంచారు, అయినా ఆక్సిజన్ నంబరు ఇంకా తగ్గింది" అని రాశారు కదా, కారణం ఇదే అయివుంటుంది. పైగా ఎడమవైపు ఛాతీ గొట్టానికి తగిలించిన డ్రెయిన్ సీసాలో బుడగలు ఆగకుండా వస్తున్నాయన్నారు. అంటే అటు గాలి లీకవుతోంది. అక్కడ ప్రెషర్ పెంచితే లీకు పెరుగుతుంది. ఇలాంటప్పుడు రెండు మడులకు రెండు తూములు పెట్టడం తప్ప వేరే దారి తక్కువ. ఎడమదానికి దాని స్థితిని బట్టి ఒక ప్రెషర్, కుడిదానికి మామూలుగా ఇంకొకటి.

రెండు మిషన్లంటే రెండింతల గాలి కూడా కాదు. దెబ్బతిన్న ఊపిరితిత్తికి తక్కువ గాలే క్షేమమని 2000లో వచ్చిన పెద్ద అధ్యయనం తర్వాత ప్రపంచమంతా ఒప్పుకుంది. ఎత్తును బట్టి లెక్కకట్టిన బరువులో కిలోకు 6 మిల్లీలీటర్లు. మీ అన్న ఐదడుగుల ఏడంగుళాల మనిషైతే రెండువైపులా కలిపి ఒక్కో ఊపిరికి సుమారు 400 మిల్లీలీటర్లు. దాన్నే రెండు మిషన్లు పంచుకుంటాయి.

ఇది ఆ ఆసుపత్రివాళ్లు మీ అన్న మీద చేస్తున్న ప్రయోగమూ కాదు. స్వీడన్ డాక్టరు కార్లెన్స్ ఒక్కో ఊపిరితిత్తి పనితీరును విడిగా కొలవడానికి రెండు దారుల ట్యూబు తయారుచేసి 1949లో ప్రచురించారు. ఈ రోజు ఛాతీ ఆపరేషన్లలో అలాంటి ట్యూబు మామూలు సామాను. ఐసీయూలో రోజుల తరబడి వాడటం మాత్రం అరుదు, ఎందుకంటే కష్టం. ట్యూబు ఒకట్రెండు సెంటీమీటర్లు జరిగినా గాలి తప్పు చోటికి పోతుంది. దారులు సన్నగా ఉంటాయి కాబట్టి కఫం, రక్తపు గడ్డలు లాగడం కష్టం. మనిషిని గాఢమైన మత్తులో ఉంచాలి. మంచం దగ్గర నర్సు కదలకుండా ఉండాలి. ఇంత శ్రమపడుతున్నారంటే మీ అన్న మీద వాళ్లు ఆశ వదులుకోలేదనే నేను అనుకుంటాను. బిల్లు న్యాయంగా ఉందో లేదో నేను ఇక్కడి నుంచి చెప్పలేను. రోజువారీ బిల్లు అడగండి, రెండో మిషన్‌కు పూర్తి చార్జీ వేశారా, తగ్గించగలరా అని అడగండి. అది మీ హక్కు. ఆ గొడవను వైద్యం మీద అనుమానంగా మార్చకండి.

మీ వదిన ఇంకో మాట అన్నారట. ఒకరోజు కుడివైపు తిప్పి పడుకోబెట్టారు, ఇంకోరోజు డాక్టరు వచ్చి నర్సును కేకలేసి ఎడమవైపు తిప్పించారు, వాళ్లకే తెలియడం లేదు అని. బాగున్న ఊపిరితిత్తి కిందికి ఉంటే రక్తం బరువుకు అటే ఎక్కువ పారి ఆక్సిజన్ పెరుగుతుంది. అందుకే సాధారణంగా మీ అన్నను కుడివైపు తిప్పుతారు. కానీ ఎడమవైపు నుంచి రక్తం వస్తున్నప్పుడు అలా పడుకోబెడితే ఆ రక్తం జారి మంచిదాన్ని కూడా ముంచుతుంది. అప్పుడు దెబ్బతిన్న వైపే కింద ఉండాలి. రెండు రోజులూ రెండు కారణాలున్నాయి. ఎవరూ ఆమెకు చెప్పలేదు, అంతే. అదే నాకు బాధగా ఉంది.

ఇప్పుడు మీరు మోస్తున్న ఆ మూడు గంటల సంగతి. మిమ్మల్ని ఊరడించడానికి అబద్ధం చెప్పను. ఎముకలు విరిగినప్పుడు ముందే వెళ్తే గొట్టం ముందే పడేది, నొప్పి ముందే తగ్గేది. కానీ ఊపిరితిత్తి కమలడం రాయి తగిలిన క్షణంలోనే జరిగిపోయింది. కమిలినచోట రక్తం, నీరు ఊరుతూ వస్తాయి, అందుకే మొదటి ఎక్స్‌రే తేలిగ్గా కనిపించి ఒకట్రెండు రోజుల్లో ముదురుతుంది. వెంటనే ఆసుపత్రిలో పడుకున్నవాళ్లలోనూ ఇలాగే ముదురుతుంది. మీ అన్న నడిచి ఇంటికొచ్చాడు, మాట్లాడాడు. లోపల ఇది తయారవుతోందని మీ ఇద్దరికీ తెలిసే మార్గం లేదు. ఛాతీకి దెబ్బ తగిలిన ఎవరినైనా, నొప్పి తక్కువున్నా సరే, ముందు ఆసుపత్రిలో చూపించండని ఇది చదివే అందరికీ చెబుతున్నాను. మీకు మాత్రం, ఇకమీదట తీసుకునే నిర్ణయాల్లోకి ఆ మూడు గంటలను తీసుకురావద్దని చెబుతున్నాను. తప్పు చేశాననుకునే మనిషి దాన్ని తీర్చుకోవడానికి అతి ఖరీదైన దారి ఎంచుకుంటాడు. అది అన్నకు మంచిదైనా కావచ్చు, కాకపోనూవచ్చు.

మీ ముందున్న దారులు చూద్దాం.

ఇక్కడే, ఇదే పద్ధతిలో ఇంకో రెండు మూడు రోజులు ఉండటం ఒకటి. కమిలిన ఊపిరితిత్తి ఇన్ఫెక్షన్ రాకపోతే చాలామందిలో వారంలోపే తేరుకోవడం మొదలుపెడుతుంది. ఈ రెండు దారుల ట్యూబు ఎక్కువకాలం పెట్టేది కాదు. రెండువైపులా బిగువు దగ్గర దగ్గరగా వచ్చాక తీసేసి మామూలు ట్యూబు వేస్తారు. తర్వాత గొంతు దగ్గర చిన్న రంధ్రం చేసి ట్రేకియాస్టమీ చేయొచ్చు. అది వింటే ఇంట్లో భయపడతారు. కానీ దానివల్ల మత్తు తగ్గించొచ్చు, కఫం తీయడం సులువవుతుంది, తర్వాత చాలావరకు అదే మూసుకుపోతుంది. ఇక్కడే ఉండాలనుకుంటే రోజూ మూడు ప్రశ్నలు అడగండి. ఆక్సిజన్ ఎంత శాతం ఇస్తున్నారు, నిన్నటికంటే తగ్గిందా? రెండు ఊపిరితిత్తుల మధ్య తేడా తగ్గుతోందా? సీసాలో బుడగలు తగ్గాయా? మూడింటికీ అవునని వస్తుంటే ఉండటమే మేలు. రెండు రోజులైనా కదలిక లేకపోతే తర్వాతి దారి గురించి మాట్లాడాలి.

ఇంకో రెండు విషయాలు కూడా అడగండి, ఇవి వాయిదా వేస్తే నష్టం. ఛాతీలో రక్తం గడ్డకట్టి మిగిలిపోయిందా? మిగిలితే గొట్టంలోంచి రాదు. ఆ గడ్డ చీము పట్టొచ్చు, ఊపిరితిత్తిని విచ్చుకోనీయకుండా పట్టేయొచ్చు. చిన్న కెమెరాతో లోపలికి వెళ్లి తీసే ఆపరేషన్ మొదటి వారంలో సులువు, తర్వాత కష్టం. రెండోది, గాలి లీకు ఇంతకాలం ఆగకపోతే శ్వాసనాళం చిరిగిందేమో స్కోపుతో, అంటే సన్నని కెమెరా గొట్టంతో చూశారా అని. పక్కటెముకలకు ప్లేట్లు వేసే ఆపరేషన్ గురించి ఎవరో చెప్పారన్నారు. వేసేట్టయితే మొదటి రెండు మూడు రోజుల్లో వేయడం మంచిది, పైగా ఊపిరితిత్తి ఇంత కమిలినప్పుడు లాభం అంత స్పష్టంగా ఉండదు. వాళ్లు ప్లేట్లు వేయలేదని బెంగ పెట్టుకోవద్దు.

చెన్నైలోనే ఎక్మో ఉన్న ఆసుపత్రికి మారడం రెండో దారి. ఎక్మో అనే మాట మన తెలుగు ఇళ్లల్లోకి 2020లో వచ్చింది. మీ నెల్లూరువాళ్లు తమ మనిషిగా చూసుకునే ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు కోవిడ్‌తో ఇదే చెన్నైలో ఎక్మో మీద ఉండి సెప్టెంబరు 25న వెళ్లిపోయారు. ఆ మాట వినగానే మీ వదిన ఏడ్చారని రాశారు. ఎందుకు ఏడ్చారో నాకు తెలుసు. కానీ ఆయనకు 74 ఏళ్లు, కోవిడ్ రెండు ఊపిరితిత్తులనూ తినేసింది. మీ అన్న వయసు వేరు, జబ్బు వేరు. పెద్దవాళ్లలో ఈ పద్ధతితో మొట్టమొదట బతికి బయటపడిన మనిషి రోడ్డు ప్రమాదంలో గాయపడినవాడే. 1971లో, అమెరికాలోని శాంటా బార్బరాలో, 24 ఏళ్ల కుర్రాడు. 75 గంటలు మిషన్ మీద ఉండి, ఇంటికి వెళ్లాడు. ఎక్మో జబ్బును నయం చేయదు. రక్తాన్ని బయటికి తీసి ఆక్సిజన్ ఎక్కించి లోపలికి పంపుతుంది, ఊపిరితిత్తికి విశ్రాంతి ఇస్తుంది. ప్రమాదం ఏమిటంటే మిషన్‌లో రక్తం గడ్డకట్టకుండా మందు ఇవ్వాలి. గాయాలున్న ఒంట్లో ఆ మందు రక్తస్రావం పెంచుతుంది. కొన్నాళ్లు మందు తగ్గించి, ఒక్కోసారి ఆపి కూడా నడుపుతారు. తలలో రక్తస్రావం లేకపోవడం మీకు అనుకూలం. ఖర్చు లక్షల్లో ఉంటుంది, ఎన్నాళ్లో ముందే ఎవరూ చెప్పలేరు.

ఇందులో అసలు చిక్కు వేళ గురించి. ఆక్సిజన్ పూర్తిగా పడిపోయాక అంబులెన్సులో మార్చడం చాలా ప్రమాదం. అందుకే డాక్టర్లు ముందే ఆలోచించుకోమన్నారు. ఇవాళే మార్చక్కర్లేదు. కానీ ఇవాళే ఆ ఆసుపత్రికి ఫోన్ చేసి కేసు వివరాలు పంపించమని మీ డాక్టర్లను అడగొచ్చు. అవసరమైతే ఎక్మో టీము ఇక్కడికే వచ్చి మిషన్ పెట్టి తీసుకెళ్తుందా అని కూడా అడిగించండి. ఇలా అడిగినంత మాత్రాన ఎక్మోకు ఒప్పుకున్నట్టు కాదు.

నెల్లూరు తీసుకెళ్లడం గురించి మీ నాయనకు నేనే చెబుతున్నాను. అయ్యా, ఇప్పుడు వద్దు. చెన్నై నుంచి 175 కిలోమీటర్లు. రెండు దారుల ట్యూబు, రెండు మిషన్లు, బుడగలొస్తున్న డ్రెయిన్‌తో ఆ ప్రయాణం చేయించడం చాలా సాహసం. ట్యూబు మార్చి మామూలుదానితో తీసుకెళ్లాలంటే, ఆ మార్పును తట్టుకోలేడనే కదా ఇది పెట్టింది. దారిలో ఎవరైనా డ్రెయిన్ గొట్టం నొక్కిపెడితే లోపల గాలి చేరి ప్రాణం పోవచ్చు. రెండు వారాల తర్వాత ట్రేకియాస్టమీతో, తక్కువ ఆక్సిజన్‌తో నిలకడగా ఉంటే అప్పుడు నెల్లూరు మంచి ఆలోచనే. మీ చేతి అన్నం, మీ మాట అక్కడ బాగా పనికొస్తాయి.

డబ్బు చాలక మారాల్సి వస్తే సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న రాజీవ్ గాంధీ ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, చెన్నైలో అందరూ జీహెచ్ అంటారు. అక్కడికి మార్చడం అన్నను వదిలేసినట్టు కాదు. అయితే అక్కడ బెడ్డు, డాక్టరుతో మాట ఖాయమయ్యాకే కదలాలి. తమిళనాడులో జరిగిన ప్రమాదాలకు, బాధితుడు ఏ రాష్ట్రం వాడైనా, మొదటి 48 గంటల చికిత్సకు 'ఇన్నుయిర్ కాప్పోమ్' పథకం ఉంది. కేంద్రం 2025లో తెచ్చిన నగదు రహిత పథకంలో ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు లక్షన్నర దాకా ఉంది. రెండూ గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లోనే వర్తిస్తాయి. మీకిది ఆరో రోజు, కాబట్టి ఈ రోజే బిల్లింగ్ కౌంటర్లో అడగండి. అన్నకు ఆంధ్ర రేషన్ కార్డు ఉంటే నెల్లూరు నుంచి మీవాళ్లతో 104కు ఫోన్ చేయించి ఎన్టీఆర్ వైద్య సేవ చెన్నైలో ఎక్కడ వర్తిస్తుందో కనుక్కోండి. ఎఫ్‌ఐఆర్ కాపీ, ప్రతి బిల్లూ దాచండి, పరిహారం కేసుకు కావాలి.

మీ బాబాయి మాట. ఆయన్ని కోప్పడకండి, ఐసీయూ బయట ఆరు రాత్రులు కూర్చుంటే అలా అనిపిస్తుంది. కానీ 38 ఏళ్ల మనిషి, తల బాగుంది, కిడ్నీలు పనిచేస్తున్నాయి, ఒక ఊపిరితిత్తి ఆరోగ్యంగా ఉంది. ఇప్పుడు మిషన్ తీయించి తీసుకెళ్తే దారిలోనే పోతాడు. ఆగితే బతుకుతాడని నేను హామీ ఇవ్వలేను. ఇన్ఫెక్షన్ రావొచ్చు, కుడిది కూడా దెబ్బతినొచ్చు. కిడ్నీలు, మిగతా అవయవాలు ఒక్కొక్కటిగా చేతులెత్తేస్తే డాక్టర్లే మిమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడతారు. ఆ మాట అప్పుడు ఆలోచిద్దాం. ఇప్పుడున్న పరిస్థితి అది కాదు.

ఇక మీ వదిన. ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నాకు ఒకటి అర్థమైంది. ఆమె మిమ్మల్ని తిట్టినట్టు మీరు ఎక్కడా రాయలేదు. ముఖం చూడటం లేదని మాత్రమే రాశారు. బండి నడిపిన మనిషే డాక్టరు మాట మోసుకొస్తున్నాడు, అతనే సంతకం పెడుతున్నాడు. ఆమె ఎవరిని అడగాలి? మీరు ఏదైనా దాస్తున్నారేమోనని ఆమెకు అనుమానం వస్తే అందులో తప్పు లేదు. నిజంగా కొన్ని దాచారు కూడా, ఎక్మో మాట రెండు రోజులు చెప్పలేదని మీరే రాశారు.

అందుకే మధ్యలోంచి మీరు తప్పుకోండి. రేపటి నుంచి డాక్టరు మాట్లాడే గదిలో ముందు కుర్చీ ఆమెది. చెన్నై ఆసుపత్రుల్లో తెలుగు వచ్చిన డాక్టరో నర్సో దొరక్కపోరు, వాళ్లతోనే చెప్పించమని అడగండి. ఎక్స్‌రే ఆమెకు చూపించమనండి, మొదటి రోజుది, ఈ రోజుది పక్కపక్కన. సంతకం ఆమె పెట్టాలి, ఆమె భార్య. చదివి వినిపించాక, ఆమె అడిగినవాటికి జవాబు దొరికాక. మీరు పక్కన నిలబడండి, డబ్బు, పోలీసు పని, పిల్లల స్కూలు చూసుకోండి. క్షమించమని ఇప్పుడే అడగాలనుంటే ఒక్కసారి అడగండి, జవాబు కోసం ఎదురుచూడకండి. ఆమె మనసులో ఇప్పుడు దానికి చోటు లేదు.

ఒక పలక, బలపం కొని ఆమెకు ఇవ్వండి. మత్తు తగ్గించాక మీ అన్నకు మెలకువ వస్తుంది కానీ గొంతులో ట్యూబుతో మాట రాదు. చుట్టూ తమిళం. దాహం, నొప్పి, పిల్లలేరీ అని తెలుగులో రాసి చూపించడానికి పనికొస్తుంది. మీ గురించీ అడుగుతాడు. నువ్వు బాగున్నావా అనే అడుగుతాడని నా నమ్మకం. మీ చేతికి తగిలిన దెబ్బ చూపించుకోలేదని ఫోన్లో అన్నారు. ఆయన లేచేలోపు అది చూపించుకోండి.